సూరమ్మ అరచేతిలో సున్నా నూనె

భూమి ఇరుసు కిర్రుమనకుండా తిరుగుతోందంటే, ఆ ఇరుసులో నూనె పోసింది బారిడీహ్ సూరమ్మే. దేవుడు మొదట ఎవరి దగ్గరో విడి నూనె కొని పోశాడట. భూమి నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయిందట. అప్పుడు సూరమ్మ వెళ్లి, ఆ నూనెను అరచేతిలో వేసుకు చూసి, దేవుణ్ణి నిలబెట్టి చీవాట్లు పెట్టి, పాతదంతా వంచేసి మంచిది పోసి వచ్చింది. సోనీ ఈ సంగతి ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతుంది. సోనీ అంటే సూరమ్మ కొడుకు కూతురు. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పుస్తకం ముట్టకుండా కారు తోలడం నేర్చుకున్న పిల్ల. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నదీ ఆ పిల్లే. కాబట్టి ఇందులో గొప్పలు కొంచెం ఎక్కువ పడి ఉండొచ్చు. తిట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సూరమ్మ ఇచ్ఛాపురం దగ్గర గానుగ ఆడించే ఇంట్లో పుట్టింది. మొగుడు దేముడికి టాటా ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని దొరికితే అతని వెనకే వచ్చేసింది. వచ్చాక ఇంట్లో కూర్చోలేదు. బారిడీహ్ బజారులో నూనె కొట్టు పెట్టింది. తెలుగువాళ్లకి నువ్వుల నూనె, వేరుశనగ పప్పు నూనె. బీహారు వాళ్లకి ఆవనూనె, వాళ్ల మాటలో కడ్వా తేల్. ఏ డబ్బాకి ఆ గరిటే. ఒక డబ్బాలో గరిటె తీసి ఇంకో డబ్బాలో ముంచితే, ముంచినవాడు అల్లుడైనా సరే, ఆ పూట బజారంతా వినేది.

ఆమె దగ్గర తూనికల కన్నా పెద్ద పరీక్ష ఒకటుండేది. నూనె చుక్క అరచేతిలో వేసుకుని, బొటనవేలితో గట్టిగా రాసి, వేలు పైకెత్తాలి. వేలితో పాటు సన్నని తీగ లేస్తే మంచి నూనె. లేవకుండా నీళ్లలా జారిపోతే కల్తీ. కల్తీ అని తేలాక ఆ సరుకు తెచ్చిన వ్యాపారి మళ్లీ ఆ వీధిలోకి వచ్చేవాడు కాదు. రావలసివస్తే గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చేవాడు. తరవాత తరవాత ప్యాకెట్లు వచ్చాయి, జనం వాటికి మరిగారు, సూరమ్మ కొట్టు ఎత్తేసింది. కానీ ఇంటికి ఏ నూనె వచ్చినా అరచేతిలో వేసుకోవడం మానలేదు. కోడలు రీనా తలకి రాసుకునే నూనె కూడా ముందు అత్తగారి చేతిమీదుగా వెళ్లాల్సిందే.

ఇక కారు సంగతి. సూరమ్మ కొడుకు సూరజ్ రోజూ బారిడీహ్ నుంచి ఊరి అవతల ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీకి స్కూటర్ మీద వెళ్లేవాడు. ఒక వానాకాలం స్కూటర్ జారి ఎడమ మోకాలు నుజ్జయింది. లోపల రాడ్డు వేశారు. కాలు నిలబడింది గానీ వంగదు. ఆటో ఎక్కాలన్నా ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. ఉద్యోగం పోతుందేమో అని ఇల్లంతా బెంగ పడుతుంటే, క్లచ్ తొక్కే పనిలేని చిన్న కారు ఒకటి కొన్నారు. అమ్మ పేరున మొదలెట్టింది ఏదీ చెడిపోలేదని సూరజ్ నమ్మకం. అందుకని బండి సూరమ్మ పేరు మీదే తీసుకున్నాడు.

ఏడాది నిండింది. ఇంజన్ నూనె మార్చాలి. ఇంజన్‌కి ఏం వచ్చినా ఇంకా రెండేళ్లు కంపెనీదే పూచీ. అయితే బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం నూనె రాసి ఉందో ఆ రకమే పొయ్యాలి. వేరే రకం పోసి ఇంజన్ పాడైతే పూచీ లేదు పొమ్మంటారు. అప్పుడు ఇంకో ఇంజన్ వేయించే స్తోమత ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అంటే నూనె తప్పితే బండి పోతుంది, బండి పోతే సూరజ్ ఉద్యోగం పోతుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువగా సూరమ్మకి తెలుసు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు సూరజ్ తోటి పనివాడి బండిలో డ్యూటీకి వెళ్లాడు. సోనీ కారు తీసింది. "నా పేరున ఉన్న బండి, నాను రాకుంటే ఎలగ?" అని సూరమ్మ ముందు సీట్లో కూర్చుంది. సోనారిలో సర్వీస్ సెంటర్. చొక్కా టక్ చేసుకుని, చేతిలో పలకలాంటి ఫోన్ పట్టుకున్న కుర్రవాడు వచ్చి, సూరమ్మ మీదుగా చూసి సోనీని అడిగాడు.

"ఘర్ సే కోయీ జెంట్స్ నహీఁ ఆయా?"

మగవాళ్లెవరూ రాలేదా అని. అగ్గి మీద గుగ్గిలం పడింది.

"గాడీ కిస్కా నామ్ మే?" అంది సూరమ్మ.

అతను పలకలో చూశాడు. "సూరమ్మ."

"సూరమ్మ కౌన్? మై! పుచ్చకాయంత మనిషిని ఎదురుగా ఉంటే కనిపించనేదా నీకు?"

పుచ్చకాయ సంగతి సోనీ అతనికి హిందీలో చెప్పలేదు. చెప్పకపోయినా అతనికి అర్థమైంది. "సారీ దాదీజీ" అని కుర్చీ వేశాడు. సూరమ్మ కూర్చోలేదు. ఏ నూనె పోస్తారో చూపించమంది. అతను సీలు వేసిన డబ్బా తెచ్చాడు. విప్పి చేతిలో పొయ్యమంది. అతను నవ్వి, సీసాలో మిగిలిన అదే రకం నూనె ఒక చుక్క ఆమె అరచేతిలో వేశాడు.

సూరమ్మ బొటనవేలితో రాసింది. వేలు ఎత్తింది. తీగ లేవలేదు. నూనె మణికట్టు మీదుగా గాజుల్లోకి జారిపోయింది.

"పానీ!" అని అరిచింది. "ఓలమ్మో, ఇది నూనా? గంజి నయం! ఏరా బాబూ, ఏడాది తిరిగిన బండికి నీళ్లు పోసి పంపిత్తావా?"

కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒకాయన తన బండి ఏ స్థితిలో ఉందో చూసుకోవడానికి లేచి లోపలికి వెళ్లిపోయాడు. కుర్రవాడు ఓపికగానే చెప్పాడు. కొత్త ఇంజన్లలో ముక్కకీ ముక్కకీ మధ్య సందు చాలా సన్నమట. పలచటి నూనె అయితేనే తాళం తిప్పగానే పైదాకా పాకుతుందట. చిక్కటిది పోస్తే చేరేలోపు రాపిడి అవుతుందట. అందుకే కంపెనీవాళ్లు ఈ బండికి జీరో డబ్ల్యూ ట్వంటీ అని రాశారట.

"జీరోయా? అంటే సున్నా కదే?" అంది సూరమ్మ సోనీ వైపు తిరిగి.

"అవును మామ్మా. డబ్ల్యూ అంటే వింటర్. చలికి ఎంత బాగా పారుతుందో ఆ సున్నా చెబుతుందట."

"ఏటి సలి? జేఠ్ నెల ఎండల్లో ఏటి సలే గుంటా? బయట రోడ్డు మీద తారు సెప్పుకి అంటుకుంటంది! సున్నా అని ఆడే రాసుకున్నాడు. మేం కొట్టు నడిపినప్పుడు కల్తీ సేసినోడు కూడా డబ్బా మీద సున్నా అని రాసుకోనేదు. ఈడికి ఆ సిగ్గు కూడా నేదు."

"మామ్మా, ఛోడో నా, వదిలెయ్. అందరూ చూస్తున్నారు."

"సూడనీ! సూత్తే ఆళ్లకి మంచిదే!"

కుర్రవాడి బల్ల మీది పళ్లెంలోంచి తాళంచెవి తీసుకుని నడుం దగ్గర చీర కుచ్చిళ్లలో దోపుకుంది. అక్కడ దోపాక ఆ తాళంచెవిని దేముడు కూడా అడగలేడు. సోనీకి బండి తోలడానికి మాత్రం ఇచ్చి, ఇంటి ముందు దిగగానే మళ్లీ అక్కడే దోపుకుంది. నూనె మార్చకుండానే బండి బారిడీహ్ తిరిగొచ్చింది.

సాయంత్రం సూరజ్ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, చెప్పులు విడవకుండానే అడిగాడు. "అమ్మా, పని అయిపోయిందా?"

"అవనేదు. నీళ్లు పోత్తామంటే వచ్చేశాను."

"నీళ్లేటమ్మా? అదే దాని నూనె. పుస్తకంలో రాసుంది."

"పుస్తకం రాసినోడు నూనె కొట్టు నడిపేడా?"

"అమ్మా, ఈ వారం దాటితే సర్వీస్ గడువు పోద్ది. గడువు పోతే రేపు ఏదైనా అయినప్పుడు నువ్వే ఆలస్యం సేశావంటారు. ఇంజన్ పట్టేత్తే నన్ను డూటీకి ఎవుడు మోసుకెల్తాడు?"

"ఆ ఇంజన్ పట్టీకూడదనే కదరా సెప్తన్నాను!" సూరమ్మ గొంతు పక్కింటి డాబా దాటింది. "నీ కాలు సూసి సెప్తన్నాను! నీళ్లలాటి నూనె పోత్తే ఇనపముక్కలు ఒకదాన్నొకటి కొరుక్కోవా? నడి రోడ్డు మీద, బస్సుల మద్దిన, బండి ఆగిపోతే, వంగని కాలుతో నువ్వేటి సేత్తావు?"

వసారాలో దేముడు విసనకర్ర ఆపాడు. "అది కాదే, ఆడు సెప్పినట్టు..."

"నూనె గురించి నువ్వు మాటాడకు! ఊళ్లో అందరూ మాటాడొచ్చు, నువ్వు మాటాడకు!"

దేముడు మళ్లీ విసురుకోవడం మొదలెట్టాడు. ఎందుకు మాట్లాడకూడదో అతనికి తెలుసు. సోనీకి అప్పటికి తెలియదు. తల్లీ కొడుకూ ఒకే కాలు గురించి భయపడుతూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం సోనీకి వింతగా ఉంది. నవ్వు కూడా వచ్చింది. నవ్వితే దెబ్బ పడుతుందని మంచినీళ్లు తాగింది.

మర్నాడు సూరజ్ ఆటో ఎక్కి వెళ్లాడు. చెయ్యిచ్చి ఎక్కించింది సూరమ్మే. ఆటో మలుపు తిరిగిందో లేదో, కుచ్చిళ్లలోంచి తాళంచెవి తీసి సోనీ ముందు పెట్టింది.

"తియ్యే బండి. గోవింద్‌పూర్ ఎల్దాం. జగ్గారావు దగ్గరికి."

జగ్గారావు గోవింద్‌పూర్‌లో లారీల మెకానిక్. పలాస వైపు మనిషి. ఒకప్పుడు వాళ్లింటికి పప్పు నూనె సూరమ్మ కొట్టునుంచే వెళ్లేది. పెద్ద పెద్ద లారీ ఇంజన్ల కిందే అతని తల నెరిసింది. నూనెలో అతని మాటే వేదమని సూరమ్మ అభిప్రాయం. సోనీ వద్దనలేదు. వద్దంటే వినదని తెలుసు. అందుకని బయలుదేరే ముందు తండ్రికి ఫోన్లో ఒకే ఒక్క మాట రాసి పంపింది. "గోవింద్‌పూర్." దారిలో సూరజ్ ఫోన్ వచ్చింది. సూరమ్మ లాక్కుని, "డూటీ సేసుకో, మెషీన్లో సెయ్యి పెట్టుకోకు," అని పెట్టేసింది.

జగ్గారావు షెడ్డు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. మధ్యలో చిన్న కారు ఏనుగుల గుంపులో పిల్లిలా ఆగింది.

"ఏటి పిన్నీ, దారి తప్పేవా?" అన్నాడు జగ్గారావు.

"దారి తప్పినోళ్లు సోనారిలో ఉన్నారు. అరచేతిలో నిలవని నూనె పోత్తారట."

"ఓ, ఆ జీరోలా? ఏటుంటాది దాన్లో. ఊదితే పోద్ది. లారీకి పోసే నూనె పోత్తాను, రాయిలాగుంటాది ఇంజన్."

నల్లటి డబ్బా తెచ్చి చుక్క వేశాడు. సూరమ్మ రాసింది, వేలు ఎత్తింది. తీగ లేచింది. పొడుగ్గా, సన్నగా, తేనె తీగలా లేచింది. నిన్నటినుంచి ముడిపడి ఉన్న ఆమె నొసలు అప్పుడు విడింది.

"ఇదీ నూనంటే! సూడే, సూసి నేర్సుకో."

"చూశాను మామ్మా. కానీ ఇది లారీది కదా? పాపాజీ బండి పుస్తకంలో..."

"నోరుముయ్."

జగ్గారావు బండి కిందికి దూరాడు. పాత నూనె వంచడానికి అడుగున ఒక బోల్టు ఉంటుంది. దానికి పానా తగిలించాడు. అప్పుడు సూరమ్మే అడిగింది. పైకి ఎంత అరిచినా, ఆ పూచీ సంగతి లోపల గుచ్చుతూనే ఉంది.

"మరి జగ్గా, రేపు ఏదైనా వచ్చి కంపెనీవోడు అడిగితే ఏటి సెప్పాల?"

"దానికా?" బండి కిందినుంచే నవ్వాడు జగ్గారావు. "ఆ మూల సూడు పిన్నీ. ఆళ్ల కంపెనీ ఖాళీ డబ్బాలే. దాన్లో మన నూనె పోసి, అందులోంచి ఇంజన్లో పోత్తాను. గుంట ఫొటో తీసుకుంటాది. బిల్లు కూడా ఆ పేరే రాయిత్తాను. అందరికీ అలాగే సేత్తన్నాను. ఎవుడికి తెలుత్తాది?"

సోనీ మూలకి చూసింది. రంగు రంగుల డబ్బాలు, మూతలు ఊడదీసి, గరాటుతో సహా ఉన్నాయి. తరవాత నాయనమ్మ వైపు చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఆ పానా తియ్," అంది సూరమ్మ. గొంతు పెద్దది కాదు. అందుకే సోనీకి భయం వేసింది.

"ఏటి పిన్నీ?"

"పానా తీసి బయటికి రా."

జగ్గారావు బయటికి వచ్చాడు. సూరమ్మ మూలకి వెళ్లి ఒక డబ్బా ఎత్తి అతని మొహం ముందు పెట్టింది. "దీని మీద ఏటి రాసుంది? సదువు. నాకు సదువు రాదు, నువ్వు సదువు. మీద ఒక పేరు, లోపల ఒక నూనె! నా తోటే సెప్తన్నావా? నాకు? నా కొట్టు నూనె తిని పెరిగిన మనిషివి, నా ఎదర ఈ మాట అంటావా?"

"నువ్వే కదా పిన్నీ చిక్కటిది కావాలన్నావు!"

"చిక్కటిది కావాలన్నాను. దొంగపేరుది కావాలన్నానా?"

డబ్బా విసిరింది. అది లారీ చక్రానికి తగిలి దొర్లుకుంటూ రోడ్డెక్కింది. పక్క షెడ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. సూరమ్మ ఆగలేదు. అప్పుడే సోనీ ఆ పాత సంగతి మొదటిసారి విన్నది. ఆమెతోపాటు గోవింద్‌పూర్ లారీ డ్రైవర్లూ విన్నారు. సూరమ్మ బాలింతగా ఉండగా కొట్టు దేముడు చూసుకున్నాడు. నువ్వుల నూనె తగ్గిపోతే, ఎవరో చెప్పిన మాట విని, డబ్బాలో పామాయిల్ కలిపాడు. డబ్బా మీద తెల్లరంగుతో నువ్వుల నూనె అని రాసే ఉంది. సూరమ్మ చంటిపిల్లాడితో వచ్చి ఒక్క చుక్క అరచేతిలో వేసుకుంది. మాట్లాడకుండా ఆ డబ్బా ఈడ్చుకెళ్లి, సంత రోజు, అందరూ చూస్తుండగా మురిక్కాలవలో వంచేసింది. అప్పటికే కొని తీసుకెళ్లినవాళ్ల ఇళ్లకి తనే వెళ్లి, అది నువ్వుల నూనె కాదని చెప్పి వచ్చింది.

"కట్టుకున్నోడికే నలభై ఏళ్లబట్టి నూనె మాట ఎత్తనివ్వనేదు నాను! నువ్వెంత?"

జగ్గారావుకీ కోపం వచ్చింది. పదిమంది ముందు ఎవరికి రాదు?

"సరే పిన్నీ! దొంగపేరు వద్దు. చిక్కటిదే పోత్తాను. పోసి, లారీ నూనె పోయించానని నువ్వే ఎల్లి సోనారిలో సెప్పు. నీ బండి, నీ నూనె, నీ నిజం. సెప్తావా? సెప్పు, ఇప్పుడే పోత్తాను!"

సూరమ్మ తన అరచేతి వైపు చూసుకుంది. ఆవిడ ఇరుక్కుపోవడం సోనీ ఎప్పుడూ చూడలేదు. చిక్కటిది పోయించి నిజం చెబితే పూచీ పోతుంది. పోయించి అబద్ధం చెబితే తను డబ్బా వంచిన మనిషి కాకుండా పోతుంది. ఏదీ వద్దంటే, నీళ్లని తను తిట్టిన నూనె పోయించుకోవాలి. ఎటు చూసినా ఓటమే. ఆవిడ చేతిలో ఆ మంచి నూనె ఇంకా మెరుస్తోంది. జగ్గారావు భుజం మీది గుడ్డ లాగి, దాంతో చెయ్యి తుడుచుకుని, ఆ గుడ్డ మళ్లీ అతని భుజం మీదే కొట్టింది.

"బోల్టు కదిల్చేవా?"

"నేదు."

"గట్టిగా బిగించు. ఒక్క చుక్క కారినా మళ్లీ వత్తాను."

కారెక్కి తలుపు వేసుకుంది. ఆ తలుపు దెబ్బకి సోనీ గుండె ఆగింది, ఎందుకంటే తలుపుకి పూచీ ఉందో లేదో తెలియదు.

"ఎక్కడికి మామ్మా?"

"ఎక్కడికేటి? సోనారి పోనీ."

దారంతా తిట్లే. జగ్గారావుని, సున్నాని, చలికాలాన్ని, కారు కనిపెట్టినవాణ్ణి, స్కూటర్ జారిన ఆ నాటి వానని. సాక్చీ దగ్గర సిగ్నల్ ఎర్రగా ఉంటే దాన్ని కూడా.

సర్వీస్ సెంటర్ కుర్రవాడు దూరం నుంచే ఆమెను చూసి ఒక స్తంభం చాటుకి వెళ్లాడు. "దాగోకు, కనిపిస్తన్నావు!" అంది సూరమ్మ. "ఆ నీళ్లే పొయ్యి. కానీ సీలు నా కళ్ల ముందర తియ్యాల. డబ్బా మీద ఏటుందో ఈ గుంట సదవాల. పోసినంతసేపూ నాను ఇక్కడే నిలబడతాను."

కస్టమర్లు లోపలికి రాకూడదని అతను మొదలెట్టాడు. మొదలెట్టి, ఆమె మొహం చూసి, పసుపురంగు టోపీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. సూరమ్మ కొప్పు మీద ఆ టోపీ కూర్చోలేదు. చేత్తో పట్టుకుని నిలబడింది. కారు పైకి లేచింది. పాత నూనె నల్లగా కారింది. కుర్రవాడు సీలు చూపించి, విప్పాడు. సోనీ డబ్బా మీది అక్షరాలు బడిలో పాఠంలా గట్టిగా చదివింది. పొయ్యబోయే ముందు సూరమ్మ చెయ్యి చాపింది. అతను మారుమాట లేకుండా చుక్క వేశాడు. రాసింది. వేలెత్తింది. తీగ లేవలేదు.

"నిన్న ఎలగుందో అలాగే ఉంది," అంది. "నిన్నా నీళ్లే, ఇయ్యాలా నీళ్లే. మీద రాసిందే లోపల ఉంది. పొయ్యి."

పోశాడు. బండి కిందికి దించి తాళం తిప్పాడు. ఇంజన్ చప్పుడు లేకుండా అందుకుంది. సూరమ్మ బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చాలాసేపు చూసింది.  బయటికి వచ్చేటప్పుడు కుర్రవాడితో, "పెళ్లయిందా నీకు?" అని అడిగింది. కాలేదన్నాడు. "సేసుకో. నూనె తెలిసినదాన్ని సేసుకో," అంది. అది దీవెనో శాపమో అతనికి తెలియలేదు. సోనీకీ తెలియలేదు.

తిరుగుదారిలో పొద్దు వాలుతోంది. డ్యూటీ దిగినవాళ్లు సైకిళ్ల మీద, బైకుల మీద రోడ్డు నిండా వస్తున్నారు. సోనీకి నోరు ఊరుకోలేదు.

"మామ్మా, అబ్ తో మాన్ లో. పలచటిదే సరైనదని ఒప్పుకున్నావు కదా?"

సూరమ్మ గాజులకి అంటిన నూనెను కొంగుతో తుడుచుకుంది.

"ఇదంతా రాస్తాను, తెలుసా? మరి చివర ఏమని రాయమంటావు? సూరమ్మ ఓడిపోయిందనా, గెలిచిందనా?"

సూరమ్మ ముందుకే చూస్తూ అంది.

"రేపు మీ అయ్యకి ఏ షిఫ్టో అది రాయి. ఆ రాత తరవాత, ముందు ఆ టెంపోవోడికి హారన్ కొట్టు."